పదకొండో వారం

నాది అడుక్కునే ఉద్యోగం. జీతమిచ్చి మరీ అడుక్కోమన్నారు కాబట్టి పంతొమ్మిదేళ్ళుగా సిగ్గుపడకుండా అడుక్కుంటున్నాను. సెయింట్ ఆన్స్‌గార్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి ఆటలు కుదర్చడం నా పని.

తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమిని కాన్ఫరెన్స్ అంటారు. మాది ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేని ఒంటరి జట్టు. కాన్ఫరెన్స్‌లో ఉన్న కాలేజీలకి ఏ బెంగా లేదు. ఎవరు, ఎవరితో, ఏ శనివారం ఆడాలో వాళ్ళ ఆఫీసే రాసి పంపిస్తుంది. మేం మాత్రం ఫోన్ చేతబట్టుకుని గుమ్మం గుమ్మం ఎక్కి దిగాలి. సెప్టెంబరులో ఎవరైనా ఆడతారు. అక్టోబరు వచ్చేసరికి ఎవరి కాన్ఫరెన్స్ వాళ్ళు తలుపులేసుకుంటారు. ఇక నవంబరులో మా మొహం చూసే నాథుడే ఉండడు. మిషిగన్ పైభాగంలో, సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న ఊరు మాది. ఆ నెలలో మా గాలికి భయపడి సరస్సు మీద పక్షులే వెళ్ళిపోతాయి, బస్సులేసుకుని మనుషులెందుకొస్తారు?

అలాంటి మమ్మల్ని నిలబెట్టినవాడు లైల్ ఓస్టెండార్ఫ్. ఒహాయో వైపున్న తొమ్మిది కాలేజీల కాన్ఫరెన్స్‌కి షెడ్యూలు రాసేది ఆయనే. తొమ్మిది బేసి సంఖ్య కదా, ఎలా జతలు కట్టినా వారానికొక జట్టు మిగిలిపోతుంది. అలా మిగిలిన జట్లలో ఏడాదికి ఐదింటిని మాకిచ్చేలా ఒప్పందం రాయించింది ఆయనే. పంక్తిలో అందరికీ వడ్డించాక గిన్నెలో మిగిలింది మా విస్తట్లో పడేది. అయినా అది లేకపోతే మాకు పస్తే.

ఏటా జనవరి మొదటి మంగళవారం ఆయన ఫోన్ చేసేవాడు.

“ఏమ్మా వెర్నా, ఇంకా బతికే ఉన్నారా, గడ్డకట్టుకుపోయారా?”

“పోయినేడు మీరిచ్చిన షెడ్యూలు తలుచుకుంటేనే ఒళ్ళు మండిపోతోంది లైల్ గారూ. పొయ్యి కూడా వెలిగించడం లేదు.”

ఇక గంటసేపు బేరం. ఏ వారం మా ఊళ్ళో, ఏ వారం వాళ్ళ ఊళ్ళో. నాలుగో వారం కావాలంటే ఏడో వారం వదులుకోవాలి. ఆయన మోకాలి ఆపరేషన్ సంగతి నాకు తెలుసు, మా ఆయన గురక సంగతి ఆయనకి తెలుసు. ఆయన భార్య డాటీ చనిపోయిన ఏడాది మాత్రం నేను బేరమాడలేదు, ఇచ్చినవి రాసుకుని ఫోన్ పెట్టేశాను. మర్నాడు ఆయనే మళ్ళీ చేసి, “నువ్వు పోట్లాడకపోతే నిజంగానే పోయిందనిపిస్తోందమ్మా, కాస్త పోట్లాడు,” అన్నాడు. అప్పుడు ఇద్దరం ఆరో వారం గురించి గట్టిగా పోట్లాడుకున్నాం. ఇంత జరిగినా ఆయన మొహం నేను చూడలేదు, నా మొహం ఆయన చూడలేదు.

మూడేళ్ళ కిందటి జనవరిలో బేరం మొదలెట్టకుండానే, “కూర్చున్నావా?” అన్నాడు. “ఇది ఈ ఏటిది కాదు, మూడేళ్ళ తర్వాతది. ముందే రాసుకో. పదకొండో వారం. మీ ఊళ్ళో. హాల్‌స్టెడ్ కాలేజీతో.”

పదకొండో వారమంటే ఆఖరి వారం. ఆఖరి ఆటనాడు చదువు పూర్తవుతున్న కుర్రాళ్ళు ఒకపక్క అమ్మని, ఒకపక్క నాన్నని పట్టుకుని మైదానంలోకి నడుస్తారు. మా పిల్లలకి ఆ నడక ఎప్పుడూ అక్టోబరు మధ్యలోనే అయ్యేది. ఇంకా రెండు మూడు ఆటలు పరాయి ఊళ్ళలో ఉండగానే వీడ్కోలు. పెళ్ళికి ముందే అప్పగింతలు పెట్టినట్టుండేది. ఎప్పుడో ఒకసారి ఆ మాట ఆయనతో అన్నాను. ఆయన గుర్తుపెట్టుకుని, తొమ్మిది కాలేజీల వాళ్ళతో మాటలు పడి, ఆ వారం నాకు తెచ్చి ఇచ్చాడు. నేను ఫోన్‌లోనే ఏడ్చేశాను. ఆ రోజే సంతకం పెట్టి పంపించేశాను.

మా వృత్తిలో తారీఖులుండవు, వారాలే. సీజన్‌కి పదకొండు వారాలు, ఒప్పందాల్లో రాసేది కూడా వారాలే. కాబట్టి నేను వారం చూశాను.

ఈ ఆగస్టులో మా క్రీడల డైరెక్టరు ట్రెవారో ఒక పోస్టరు పట్టుకుని నా గదిలోకొచ్చాడు. ఒకప్పుడు మా జట్టులోనే ఆడినవాడు. ఆరున్నర అడుగుల మనిషి, నా ముందు మాత్రం ఇంకా తల వంచుకునే నిలబడతాడు.

“మేడం, పదకొండో వారం ఏ తారీఖు?”

“నీ చేతిలోనే ఉందిగా, చూడు.”

“నేను చూశాను మేడం. మీరు చూడండి.”

శనివారం, నవంబరు పదిహేను.

మా దగ్గర పదిహేను అంటే ఏ నెలలో అని ఎవరూ అడగరు. తుపాకులతో జింకల వేట మొదలయ్యే రోజు అది. బడులకి సెలవు. ముందు రోజు మధ్యాహ్నానికే మగవాళ్ళూ, సగం మంది ఆడవాళ్ళూ అడవిలో తమ క్యాంపులకి చేరిపోతారు. ఆ రోజు పెళ్ళి పెట్టుకున్న వాడిని చుట్టాలు ముసలితనం దాకా దెప్పుతారు. నేను పుట్టింది ఇక్కడ. నలభై ఒక్కేళ్ళుగా కాపురం చేస్తున్నది ఆ రోజు కోసమే ఏడాదంతా బతికే మనిషితో. ఊయలలో పిల్లకి తెలిసిన సంగతి నాకు తట్టలేదు. పదకొండేళ్ళ కిందట కూడా పదిహేను శనివారమే పడింది, కానీ ఆ రోజు మాకు ఆటే లేదు. నవంబరులో మాతో ఆడేదెవరని తారీఖులు చూసుకోవాలి?

“లైల్ గారికి ఫోన్ చేసి మార్పించండి మేడం,” అన్నాడు ట్రెవారో.

“మార్పించను.”

“కుర్చీల్లో ఎవర్ని కూర్చోబెడతారు మరి? దుంగల్నా?”

వాడికి కోపం రావడంలో తప్పేం లేదు. ఐదు ఆటల ఒప్పందం ఈ ఏటితో అయిపోతోంది. పదో కాలేజీ ఒకటి ఆ కాన్ఫరెన్స్‌లో చేరాలని చూస్తోంది. పది సరి సంఖ్య, ఇక ఎవరూ మిగలరు, మా అవసరమే ఉండదు. మమ్మల్ని ఉంచాలా వద్దా అని లైల్ డిసెంబరులో ఒక నివేదిక ఇచ్చి, ఆ వెంటనే రిటైరవుతాడు. ఆ ఐదు ఆటలూ పోతే ఫుట్‌బాల్ మూసేస్తామని మా కాలేజీవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పేశారు. తొంభై మంది కుర్రాళ్ళ సంగతి అది. లైల్ నాతో అన్నాడు కదా: “పంతొమ్మిదేళ్ళు నీ గొంతు విన్నాను, మొహం చూడకుండా రిటైరవ్వనమ్మా. పదకొండో వారం వస్తున్నా. అంత దూరంలో మీ జట్టుని చూసేదెవరని మావాళ్ళ అనుమానం. నిండిన స్టేడియం నా కళ్ళతో చూశానని రాస్తే ఒక్కడు నోరెత్తడు.”

అలాంటి మనిషికి, మీరిచ్చిన బహుమతి మాకు పనికిరాదు, వెనక్కి తీసుకోండని ఎలా చెప్పను? చెప్పలేదు. పంతం అనుకోండి, ప్రేమ అనుకోండి.

ఆ సాయంత్రం మా ఆయన ఆర్నీ వంటింటి బల్ల మీద పాత గుడ్డ పరిచి తుపాకీ తుడుచుకుంటున్నాడు. సంగతి చెప్పాను. గుడ్డ కింద పెట్టి నా నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు.

“జ్వరం లేదే. పదిహేనున ఆటేంటే?”

“పెట్టేశానయ్యా. ఇప్పుడు దారి చెప్పు.”

“ఎన్నింటికి?”

“ఒంటిగంటకి.”

“ఒంటిగంటకి మొదలెట్టి నాలుక్కి వదిలితే సాయంత్రం మాటుకి ఎవడు చేరతాడు? ఎవడూ రాడు. నేనూ రాను. ఆట నీది, అడవి నాది అని పెళ్ళైనప్పుడే అనుకున్నాం.”

“సరే, మధ్యాహ్నం పూట మీరంతా అక్కడేం చేస్తారు?”

“తింటాం.”

“తిని?”

“కాస్త పడుకుంటాం.”

“మరి జింకలో?”

“అవీ పడుకుంటాయి. పొద్దున, సాయంత్రమే కదా తిరిగేది.”

“అంటే పదకొండు నుంచి రెండు దాకా అడవిలో జింకా మనిషీ అంతా నిద్రేనన్నమాట. ఆ మూడు గంటలు నాకివ్వండి.”

ఆర్నీ మళ్ళీ గుడ్డ తీసుకుని తుపాకీ తుడవసాగాడు. నేను ఊరుకోలేదు. “ఇంకోటి. నీ దుంగ కూడా కావాలి.”

ఫైర్ స్టేషన్ ముందు రెండు స్తంభాల మీద పెద్ద దుంగ అడ్డంగా ఎత్తి, ఆ రోజు కొట్టిన కొమ్ముల జింకల్ని వరసగా దానికి వేలాడదీస్తారు. ఎవరిది పెద్దదో చూడటానికి ఊరంతా వస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఆ దుంగ పెత్తనం ఆర్నీది.

“దుంగ కదలదు,” అన్నాడు.

“దుంగ ఎక్కడుంటే ఊరు అక్కడ. స్టేడియం పక్కన పాతు.”

ఆయన లేచి వెళ్ళిపోయాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా ఇంట్లో అలా ఉంటే ఆలోచిస్తున్నాడని అర్థం. మూడో రోజు కాఫీ తాగుతూ కిటికీలోంచి బయటికి చూసి, “గోతులు తవ్వాలంటే నేల గడ్డకట్టకముందే తవ్వాలి,” అన్నాడు. వెళ్ళి ఆ బోడి తల మీద ముద్దు పెట్టాను.

ఆట ఎన్నింటికన్నది ఎవరి ఊళ్ళో ఆడితే వాళ్ళ ఇష్టం. పదకొండింటికని ఉత్తరం పంపాను. లైల్ ఫోన్ చేసి, “అంత పొద్దున్నే ఏమిటమ్మా?” అన్నాడు. ఇక్కడ తొందరగా చీకటి పడుతుందని చెప్పాను. అబద్ధం కాదు. అలాగని నిజమూ కాదు.

పదిహేనో తారీఖు పదింటికి స్టేడియం గేటు దగ్గర ఒక చిన్న కారు ఆగింది. ఫోన్‌లో ఆ గంభీరమైన గొంతు విని ఆరడుగుల మనిషిని ఊహించుకున్నాను. నా భుజం దాకా ఉన్నాడు. మెడకి డాటీ అల్లిన మఫ్లరు, ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో ఒక సంచి.

“వెర్నా?”

“లైల్ గారేనా? పంతొమ్మిదేళ్ళు నన్ను గడగడలాడించింది మీరేనా?”

“నువ్వూ నా ఊహలో సన్నగా ఉండేదానివిలే,” అన్నాడు. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డాం. ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, చలికేనట.

చేతిలో వేడి వేడి పాస్టీ పెట్టాను. మాంసం, బంగాళాదుంప కూరిన పెద్ద కజ్జికాయ లాంటిది, గనుల్లోకి దిగేవాళ్ళు పట్టుకెళ్ళే తిండి. తింటూ కుర్చీల వైపు చూశాడు. మూడువేల మంది పట్టే చోట రెండొందల మంది ఉన్నారేమో. తల్లులు, ఇద్దరు పాస్టర్లు, ఒక కుక్క. దుంగకి ఒక్కటంటే ఒక్క జింక వేలాడుతోంది.

“మనం తొందరగా వచ్చాంలే,” అన్నాడు.

పదకొండుకి పది నిమిషాలుండగా కొండదారిలో ఒక ట్రక్కు కనిపించింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత దారి పొడుగునా ట్రక్కులే. వేటకెళ్ళినవాళ్ళు ఒకరికొకరు కనబడాలని మా దగ్గర అందరూ కళ్ళు జిగేల్మనే నారింజరంగు కోట్లు వేసుకోవాలి, అది చట్టం. ట్రక్కులు దిగి, జింకల్ని దుంగకి కట్టి, ఆ కోట్లతోనే గేట్లోంచి వచ్చి కూర్చున్నారు. ఆట మొదలైన పావుగంటకి స్టేడియంలో ఈ చివర్నుంచి ఆ చివరికి నారింజరంగు తప్ప ఇంకేం లేదు.

ఒహాయో నుంచి వచ్చిన హాల్‌స్టెడ్ కాలేజీ రంగు కూడా అదే. మాది ఆకుపచ్చ.

లైల్ ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. “మావాళ్ళ అభిమానం చూశావా? బస్సులో పదకొండు గంటలు. ఇంతమంది వస్తారని నేనే అనుకోలేదు.”

నేను మైదానం వైపే చూస్తూ కూర్చున్నాను. మా ఆకుపచ్చ జట్టు బంతిని గీత దాటించి మొదటి పాయింట్లు కొట్టింది. నారింజ కోట్లన్నీ ఒక్కసారి లేచి అరిచాయి.

“చాలా మర్యాదస్తులు,” అన్నాడు లైల్, కొంచెం అయోమయంగా. “ఎదుటివాళ్ళకి కూడా చప్పట్లు కొడుతున్నారు.”

సగం ఆట అయ్యాక వీడ్కోలు నడక మొదలైంది. పద్దెనిమిది మంది కుర్రాళ్ళు. ఒక్కొక్కడి పక్కన చర్చికి వెళ్ళే కోటులో తల్లి, ఇంకోపక్క నారింజ కోటులో తండ్రి. ఒకాయన అప్పుడే జింకని కోసి వచ్చాడు, మోచేతుల దాకా నెత్తురు, కొడుకు భుజం మీద చెయ్యి వెయ్యాలో వద్దో తెలియక గాల్లో పెట్టుకుని నడుస్తున్నాడు. కొడుకే ఆ చెయ్యి లాగి భుజం మీద వేసుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. నా పంతొమ్మిదేళ్ళ ఉద్యోగానికి ఆ నిమిషం చాలు.

“వెర్నా,” అన్నాడు లైల్ మెల్లిగా. “వీళ్ళు మావాళ్ళు కాదు కదా.”

అప్పుడు మొత్తం చెప్పాను. పదిహేను అంటే ఏమిటో, నేను వారం చూసి తారీఖు ఎలా చూడలేదో, ఆట పదకొండింటికే ఎందుకో, ఆ దుంగ ఇక్కడికి ఎలా వచ్చిందో.

ఆయన పాస్టీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “నీకేదో మంచి చేశాననుకుని మూడేళ్ళు మురిసిపోయాను. చివరికి నీ మెడకే చుట్టానన్నమాట. ఒక్క మాట చెప్తే మార్చేవాణ్ణి కదమ్మా.”

“అందుకే చెప్పలేదు. మార్చేస్తారని.”

ఆయన లేచి, కర్ర ఊతంతో మెట్లు దిగి దుంగ వైపు వెళ్ళిపోయాడు. ఆయన్ని నొప్పించానని తెలుస్తోంది. పిల్లల ఆట ఏమవుతుందో, నివేదికలో ఏం రాస్తాడో అన్న భయం కంటే అదే ఎక్కువ బాధపెట్టింది.

ఆఖరి పావుభాగం మొదలయ్యేసరికి ఒంటిగంట దాటింది. జనం స్కోరుబోర్డు మానేసి ఆకాశం వైపు చూడటం మొదలెట్టారు. ఒక్కొక్కరే లేచారు. నేనేం అనుకోలేదు, మాటిచ్చినదానికంటే ఎక్కువే కూర్చున్నారు. మూడోవంతు ఖాళీ అయింది. మిగిలినవాళ్ళు మాత్రం కదల్లేదు, మా జట్టు మూడు పాయింట్లే వెనకుంది మరి. ఆర్నీ అందరికంటే ముందే వెళ్ళిపోయి ఉంటాడనుకున్నాను. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఒంటి నిండా పొగ, దేవదారు వాసన.

“సాయంత్రం మాటుకి వెళ్ళవా?” అన్నాను.

“జింక రేపూ ఉంటుందే.”

నలభై ఒక్కేళ్ళలో పదిహేనో తారీఖున ఆయన నోట ఆ మాట వింటానని నేను అనుకోలేదు. చెయ్యి పట్టుకున్నాను. ఆఖరి నిమిషంలో ఆ మూడు పాయింట్లూ సమం చెయ్యడానికి మావాడు తన్నిన బంతి స్తంభానికి తగిలి బయటపడింది. మూడు పాయింట్లతో ఓడిపోయాం. అయినా అందరూ లేచి నిలబడి మా పిల్లలు లోపలికి వెళ్ళేదాకా చప్పట్లు కొట్టారు.

ఆట అయ్యాక లైల్ నా గదిలోకొచ్చి అడక్కుండానే నా కుర్చీలో కూర్చున్నాడు. సంచిలోంచి కాగితాలు తీసి, రాస్తూ పైకి చదివాడు. “జనం, రెండువేల ఆరువందలకు పైనే. జింకలు, పద్నాలుగు. ఏడాదంతా ఎదురుచూసే రోజున అడవి వదిలేసి జట్టు కోసం వచ్చిన జనం ఉన్న ఊరు ఇది. మన తొమ్మిది కాలేజీల్లో ఇలాంటిది ఒక్కటీ లేదు. పదో కాలేజీ చేరినా చేరకపోయినా వీళ్ళ ఐదు ఆటలూ వీళ్ళకి ఉండాలి.”

“కోపం పోయిందా?” అన్నాను.

“కోపమెక్కడిది? సిగ్గేసింది. నీతో ఇన్నేళ్ళు మాట్లాడి మీ పండగ ఎప్పుడో అడగలేదు.”

తర్వాత ఇంకో కాగితం పరిచాడు. వచ్చే ఆరేళ్ళ షెడ్యూలు చిత్తుప్రతి, ఇంటి దగ్గరే రాసుకుని తెచ్చాడు. ప్రతి ఏడాదీ ఐదు గళ్ళు నిండి ఉన్నాయి. ఆరో ఏడాది పదకొండో వారం దగ్గర ఆయన వేలు ఆగింది. అక్కడ హాల్‌స్టెడ్, మీ ఊళ్ళో అని ఉంది.

“లెక్కపెట్టు,” అన్నాడు. “ఆరేళ్ళు.”

“మధ్యలో ఒక లీపు సంవత్సరం.”

“ఏడాదికో రోజు జరిగితే ఆరు, లీపుకి ఒకటి, మొత్తం ఏడు. పదిహేను మళ్ళీ శనివారమే.”

పెన్ను తీసి ఆ గడిలో ఉన్నది కొట్టేశాడు. కొట్టేసి పక్కన రాశాడు: ఖాళీ. ఈ రోజు వీళ్ళని ఎవరూ ఆటకి అడగకూడదు.

“ఆ ఆటని పదో వారంలోకి తోశాను, మీ ఊళ్ళోనే,” అన్నాడు. “అప్పటికి నా కుర్చీలో నేనుండను, నీ కుర్చీలో నువ్వుంటావో లేదో. వచ్చేవాళ్ళకి తెలియాలిగా.”

పంతొమ్మిదేళ్ళుగా ఖాళీ శనివారం అంటే నాకు గుండెదడ. ఒక్కటి మిగిలినా నిద్రపట్టేది కాదు, ఎవరి కాళ్ళైనా పట్టుకుని నింపేదాన్ని. ఆ అక్షరాల మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాను.

ఆర్నీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో ఇంకో నారింజ కోటు. “వెలుగు ఇంకా రెండున్నర గంటలుంది. ఒహాయో పెద్దాయనా, వస్తావా? మంచె ఎక్కక్కర్లేదు, కింద కూర్చునే మాటు కూడా ఉంది.”

లైల్ ఆ కోటు తొడుక్కుంటే మోకాళ్ళ దాకా వచ్చింది. మఫ్లరు కోటు పైకి తీసి సరిచేసుకుని, “తుపాకీ మాత్రం నాకివ్వకు నాయనా, నేను షెడ్యూళ్ళు తప్ప ఏదీ గురిచూసి కొట్టలేదు,” అన్నాడు.

“అదీ గురి తప్పిందిగా,” అన్నాడు ఆర్నీ. ఇద్దరూ నవ్వుకుంటూ ట్రక్కెక్కారు.

డిసెంబరు ఆఖర్లో ఒప్పందం పోస్టులో వచ్చింది. కింద తొమ్మిది కాలేజీల అధ్యక్షుల సంతకాలు. ముందుగా ఆరో ఏడాది చూశాను. తొమ్మిది మందీ సంతకాలు పెట్టి మరీ మాకిచ్చిన ఖాళీ శనివారం అక్కడే ఉంది.